లిట్టర్ బాక్స్ వదిలేసిన కుందేలు

ప్రశ్న: మా ఇంట్లో ఏడాదిన్నర వయసున్న ఆడ కుందేలు ఉంది. పేరు చిన్ని. పిల్లగా ఉన్నప్పుడే లిట్టర్ బాక్స్ (మలమూత్రాల కోసం లిట్టర్, అంటే తడి పీల్చే పొడి లేదా గుళికలు, వేసి ఉంచే పెట్టె) అలవాటు చేశాం. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు. రెండు నెలల నుంచి మాత్రం సోఫా మీద మూత్రం పోస్తోంది, గోడ వెంబడి పెంటికలు వేస్తోంది. బాక్సులోకి అసలు వెళ్లదని కాదు. వెళ్తుంది, కూర్చుంటుంది, ఒక్కోసారి అందులోనే పోస్తుంది కూడా. కానీ సోఫాను మాత్రం వదలడం లేదు. ఇల్లంతా వాసన వస్తోందని సువాసన ఉన్న లిట్టర్‌కి మారాం. బాక్సును రోజూ ఘాటైన క్లీనర్‌తో కడుగుతున్నాను. అయినా లాభం లేదు. విచిత్రం ఏమిటంటే, ఈమధ్య ఎప్పుడూ లేనంత ప్రేమగా నా కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతోంది. అదే బోనులో చెయ్యి పెడితే గుర్రుమంటూ మీదికొస్తోంది. రెండు మూడుసార్లు గట్టిగా అరిచాను. మావారు ఇక బోనులోనే ఉంచేద్దాం అంటున్నారు. చిన్నికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఏదీ చేయించలేదు. నా మీద కోపంతో ఇలా చేస్తోందా? తోడుగా ఇంకో కుందేలును తెస్తే మానేస్తుందా?
- ఒక పాఠకురాలు

సమాధానం: చిన్నికి మీ మీద కోపం లేదండీ. ఆ బెంగ ముందు వదిలేయండి. పగబట్టి సోఫా పాడుచేసే గుణం కుందేలుకి లేదు. ఏడాది పాటు చక్కగా బాక్సు వాడినది ఒక్కసారిగా మానేసిందంటే దాని ఒంట్లోనో, దాని చుట్టూనో ఏదో మారింది. అదేమిటో తెలుసుకోకుండా ట్రైనింగ్ మొదలుపెడితే కొన్ని వారాలు కష్టపడి మళ్లీ మొదటికే వస్తారు. అందుకే అలవాటు ఎలా చేయాలో చెప్పేముందు కారణాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మీరు ప్రేమ అనుకుంటున్న విషయమే నాకు అన్నిటికన్నా పెద్ద ఆధారంగా కనిపిస్తోంది. కాళ్ల చుట్టూ గిరగిరా తిరగడం, బోనులో చెయ్యి పెడితే గుర్రుమనడం, కొత్త చోట్ల మూత్రం పోయడం, గోడ వెంబడి పెంటికలు వేయడం. ఈ నాలుగూ కలిసి కనిపించాయంటే అది ఈడొచ్చిన కుందేలు లక్షణం. జత కోసం తిరగడం, తన చోటును కాపాడుకోవడం, 'ఇది నాది' అని వాసనతో గుర్తు పెట్టడం. అది మిమ్మల్ని ఇష్టపడటం లేదని నేను అనను, తప్పకుండా ఇష్టపడుతుంది. కానీ ఈ తిరుగుడు వెనక ఉన్నవి హార్మోన్లు. కుందేళ్లు సాధారణంగా 4 నుంచి 6 నెలల మధ్య ఈడుకొస్తాయి. కొన్నిటిలో ఆ మార్పు అప్పుడే బయటపడుతుంది, కొన్నిటిలో కాస్త పెద్దయ్యాక జోరందుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు నేర్చుకున్న బాక్సు అలవాటు ఈ దశలో చెదిరిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఇంకో సంగతి కూడా గమనించండి. నోటి నిండా గడ్డి కరుచుకుని ఓ మూల చేర్చడం, తన పొట్ట దగ్గరి బొచ్చు తానే పీక్కుని గూడు కట్టడం చేస్తోందా? మగదాని పొడ లేకపోయినా ఆడ కుందేలుకి గర్భం వచ్చినట్టు ఒళ్లు మారిపోతుంది ఒక్కోసారి. ఆ రోజుల్లో అది మరీ చిరాగ్గా ఉంటుంది. రెండున్నర వారాల్లో తగ్గుతుంది గానీ మళ్లీ మళ్లీ వస్తుంటుంది.

అలాగని అంతా వయసు మీదికి నెట్టేసి ఊరుకోవద్దు. మూత్రం విషయంలో మార్పు వస్తే ముందు డాక్టర్‌కి చూపించాలన్నది నా గట్టి అభిప్రాయం. కుందేలు శరీరం కాల్షియంతో వ్యవహరించే తీరు వేరు. తిండిలో ఉన్న కాల్షియాన్ని దాదాపు ఉన్నంతా పీల్చుకుని, ఎక్కువైనదాన్ని మూత్రంలో బయటికి పంపుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కుందేలు మూత్రం కూడా కొంచెం మబ్బుగా ఉంటుంది, ఆరాక తెల్లటి పొడి కనిపిస్తుంది. ఆ కాల్షియం మరీ పేరుకుపోతే మూత్రాశయంలో బురదలా చేరుతుంది, రాళ్లు కట్టవచ్చు. ఇన్ఫెక్షన్ వచ్చినా, రాయి ఉన్నా మంట పుడుతుంది. బాక్సులో కూర్చున్నప్పుడల్లా నొప్పి వేస్తే ఆ నొప్పికి కారణం బాక్సే అనుకుని అది మరో మెత్తటి చోటు వెతుక్కుంటుంది. మూత్రం కోసం వంగి చాలాసేపు కూర్చోవడం, చుక్క చుక్కగా పోయడం, వెనక కాళ్ల బొచ్చు ఎప్పుడూ తడిగా ఉండటం, మూత్రం పేస్టులా చిక్కగా రావడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. మూత్ర పరీక్ష, ఎక్స్‌రే చేస్తే విషయం తేలిపోతుంది. కాల్షియం రాళ్లు ఎక్స్‌రేలో బాగా కనిపిస్తాయి. అసలు మూత్రమే రాకపోయినా, 10, 12 గంటలుగా తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసరం. తెల్లారేదాకా ఆగవద్దు.

ఎర్రటి మూత్రం చూసి హడలిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. తిన్న ఆకుల్లోని రంగుల వల్ల కుందేలు మూత్రం లేత పసుపు నుంచి నారింజ, ఇటుక రంగు దాకా మారుతుంది. రంగు అంతటా ఒకేలా ఉండి, ఒకటి రెండు రోజుల్లో మామూలైతే సాధారణంగా భయం లేదు. చారలుగానో గడ్డలుగానో ఎరుపు కనిపిస్తే అది రక్తం కావచ్చు. ఆపరేషన్ కాని ఆడ కుందేలులో అది గర్భాశయం నుంచి కూడా రావచ్చు. కంటితో చూసి తేల్చుకోలేం కాబట్టి అనుమానం వస్తే పరీక్ష చేయించడమే.

ఇక ఆపరేషన్. మీరు అడగలేదు కానీ నేను చెప్పకుండా ఉండలేను. చిన్నికి గర్భాశయం, అండాశయాలు తీసేసే ఆపరేషన్ చేయించమని మీ డాక్టర్‌తో మాట్లాడండి. బాక్సు అలవాటు కోసం మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఇంట్లో పెంచే కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతకగలదు. ఆ బతుకులో సగభాగాన్ని ఈ జబ్బు మింగేయకుండా ఆపే అవకాశం మీ చేతుల్లో ఉంది. కాకపోతే కుందేళ్లకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న డాక్టర్ దగ్గరికే వెళ్లండి. కుక్కలకు, పిల్లులకు చేసినంత మామూలు వ్యవహారం కాదిది. ఆపరేషన్‌కి ముందు రాత్రి నుంచి తిండి ఆపమని ఎవరైనా చెబితే మళ్లీ ఒకసారి అడగండి. కుందేలు వాంతి చేసుకోలేదు, అందుకని ఖాళీ కడుపుతో ఉంచాల్సిన పని లేదు. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, తిండి ఆపితేనే ప్రమాదం. ఆపరేషన్ అయ్యాక కూడా హార్మోన్లు పూర్తిగా సద్దుమణగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మర్నాటి నుంచే మారిపోతుందని ఆశపడి నిరాశ చెందవద్దు. గాయం మానేదాకా ఎలాగూ దాన్ని చిన్న చోట ఉంచాలి కదా, కొత్తగా అలవాటు చేయడానికి ఆ రోజులే అనువైనవి. అప్పుడు మాత్రం బాక్సులో గుళికలు, పొడి వేయకుండా కాగితాలు పరచండి. గాయానికి అంటుకోవు.

ఇప్పుడు బాక్సు సంగతి. ఈ ఒక్కటి మీరు ఈరోజే సరిచేయవచ్చు. సువాసన లిట్టర్ వెంటనే తీసేయండి. మనకు హాయిగా అనిపించే ఆ పరిమళం అంత చురుకైన ముక్కున్న ప్రాణికి భరించరానిదిగా ఉంటుంది. బాక్సును రోజూ ఘాటుగా కడగడం కూడా ఆపండి. 'ఇది నా మూత్రం పోసే చోటు' అని కుందేలు గుర్తుపట్టేది వాసనతోనే. మీరు బాక్సులో ఆ గుర్తును రోజూ చెరిపేస్తున్నారు, సోఫాలో మాత్రం అది అలాగే మిగిలిపోతోంది. దాని లెక్కలో ఇప్పుడు సోఫాయే అసలైన బాక్సు. శుభ్రత మీద మీకున్న శ్రద్ధే ఇక్కడ ఎదురు తిరిగింది. రోజూ తడిసిన భాగం మాత్రం తీసి పారేయండి, ఓ గుప్పెడు పాత గడ్డి, నాలుగు పెంటికలు అందులోనే ఉంచండి. మొత్తం కడగడం వారానికోసారి చాలు. అప్పుడు కూడా తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి వాడండి. అడుగున పట్టిన తెల్లటి కాల్షియం పొర కూడా దానితో వదులుతుంది.

లిట్టర్‌గా కాగితపు గుళికలు మంచివి. బట్టీలో ఆరబెట్టిన చెక్క గుళికలు కూడా ఫరవాలేదు. పిల్లుల కోసం అమ్మే, తడి తగిలితే ముద్ద కట్టే లిట్టర్ మాత్రం ఎప్పుడూ వద్దు. కుందేలు దాన్ని కొరికి మింగితే కడుపులో ఉబ్బి పేగు మూసుకుపోతుంది. ఘుమఘుమలాడే పైన్, దేవదారు పొట్టు కూడా వద్దు, ఆ వాసనలోని రసాయనాలు కాలేయానికి చెరుపు చేస్తాయి. లిట్టర్ పైన చక్కగా ఎండుగడ్డి పరచండి. కుందేలు పాదాలకు కుక్క, పిల్లి పాదాలకున్నట్టు మెత్తటి దిండ్లు ఉండవు, ఉన్నదంతా బొచ్చే. కాబట్టి బాక్సు మీద ఇనుప జాలీ ఉంటే తీసేయడం మంచిది. దాని మీద నిలబడి నిలబడి అరికాళ్లు పుళ్లు పడితే ఇక ఆ బాక్సు మొహం చూడదు.

బాక్సు ఎంత ఉందో కూడా చూడండి. చిన్ని మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు కొన్నదే ఇంకా వాడుతున్నారేమో! పెద్ద కుందేలు అందులో పూర్తిగా వెనక్కి తిరగగలగాలి, ఒళ్లు చాపి పడుకోగలగాలి. చిన్న బాక్సులో ముందు కాళ్లు లోపలా, వెనక భాగం అంచు మీదా పెట్టి కూర్చుంటే మూత్రం బయట పడుతుంది. మనమేమో కావాలనే బయట పోసిందంటాం. పెంపుడు జంతువుల షాపుల్లో కుందేళ్ల కోసమని అమ్మే మూల బాక్సులు చాలావరకు పనికిరాని సైజువి. సామాన్లు పెట్టుకునే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని ఒకవైపు గోడ కిందికి కోస్తే దానికన్నా మంచిది. కోసిన అంచు గీసుకోకుండా టేపు వేయడం మరవకండి.

గడ్డి ఎక్కడ పెడుతున్నారు? బాక్సుకు ఆనుకునే ఉండాలి, వీలైతే ఒక చివర బాక్సులోనే. కుందేళ్లు తింటూ తింటూనే పెంటికలు వేస్తాయి. గడ్డి ఒక మూల, బాక్సు ఇంకో మూల ఉన్న ఇంట్లో అలవాటు సరిగ్గా కుదరదు. ఈ ఒక్క మార్పుతో సగం సమస్య తీరిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి.

సోఫాను కూడా పట్టించుకోవాలి. పైపైన తుడిస్తే మన ముక్కుకు వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. ఎంజైమ్ క్లీనర్ (మూత్రం మరకను, వాసనను విరగ్గొట్టే ద్రావణం) దొరికితే లోపలి స్పాంజి దాకా తడిసేలా వేసి, పూర్తిగా ఆరనివ్వండి. వెనిగర్ నీళ్లు కూడా వాడవచ్చు, ముందు బట్ట మీద ఓ చిన్న మూలలో రంగు పోతుందేమో చూసుకోండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు, వాటి వాసనే మూత్రం వాసనలా ఉంటుంది. మూత్రం పడిన చోట బ్లీచ్ అసలే వద్దు. రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులు వస్తాయి. శుభ్రం చేశాక కొన్ని వారాల పాటు సోఫా దగ్గరికి దారి మూసేయండి. అది కుదరకపోతే తడి దిగని షీటు కప్పి ఉంచండి. పరుపులు, సోఫాలు కుందేళ్లను ఎందుకు పిలుస్తాయంటే అవి మెత్తగా ఉంటాయి, తడిని వెంటనే పీల్చేసుకుంటాయి. కాళ్లకు చల్లగా, తడిగా తగలదు.

ఇవన్నీ చేశాక అసలు అలవాటు చేయడం తేలికే, ఓపిక మాత్రం కావాలి. చిన్నిని ఇల్లంతా తిరగనివ్వకుండా నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే కంచె కట్టిన చోటులో మొదలుపెట్టండి. అందులో పెద్ద బాక్సు, గడ్డి, నీళ్ల గిన్నె, దాక్కోవడానికి ఓ అట్టపెట్టె. సోఫా మీద మూత్రం అద్దిన టిష్యూ కాగితం ఒకటి బాక్సులో పెట్టండి, నేల మీద పడ్డ పెంటికలన్నీ ఏరి అందులోనే వేయండి. మీరు పెట్టిన మూల కాదని వేరే మూలలో పోస్తోందంటే దానితో వాదన పెట్టుకోకండి, బాక్సునే ఆ మూలకు జరపండి. ఇందులో దాని మాటే నెగ్గనివ్వాలి. రోజులో రెండు పూటలు, కుందేళ్లు సహజంగా హుషారుగా ఉండే ఉదయం, సాయంకాలం వేళల్లో, మీ కళ్ల ముందు బయటికి వదలండి. బయట తిరిగే చోట కూడా ఇంకో బాక్సు ఉండాలి.

వదిలినప్పుడు దాన్నే చూస్తూ ఉండండి. మూత్రం పోసేముందు కుందేలు ఓ మూలకు వెనక్కి వెనక్కి జరిగి తోక కాస్త పైకెత్తుతుంది. అది కనిపించగానే మెల్లగా లేచి, చేత్తో దారి చూపిస్తూ బాక్సు వైపు నడిపించండి. పరిగెత్తించవద్దు. ఎత్తుకుని తీసుకెళ్లి బాక్సులో పడేయవద్దు. చాలా కుందేళ్లకు ఎత్తుకోవడమంటేనే భయం, నేల మీది నుంచి తమను పైకి లేపేది వేటజంతువే అని వాటి ఒంట్లోనే ఉంది. ఎత్తిన ప్రతిసారీ బాక్సులో దిగితే బాక్సన్నా భయమే పట్టుకుంటుంది. బాక్సులో పోసినప్పుడు రెండు మూడు సెకన్లలో దానికి ఇష్టమైన ఆకు ముక్క చిన్నది ఇవ్వండి. లేటయితే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. బాక్సులో ఉన్న కుందేలును పట్టుకోవడం, గోళ్లు తీయడం, మందు పట్టించడం అసలు చేయకండి. అక్కడ దానికి ఏ చెడూ జరగకూడదు.

వరసగా నాలుగైదు రోజులు మూత్రమంతా బాక్సులోనే పడితే కంచెను కొంచెం జరిపి చోటు పెంచండి. మళ్లీ నాలుగైదు రోజులు చూడండి. తప్పు జరిగితే ఒక మెట్టు వెనక్కి తగ్గండి, అంతే. ఇక్కడ పెంటికలను లెక్కలోకి తీసుకోకండి. మూత్రం, పెంటికలు రెండూ వేర్వేరు విషయాలు. మూత్రం పూర్తిగా బాక్సుకే పరిమితమయ్యేలా నేర్పగలం. గట్టిగా ఎండినట్టుండే గుండ్రటి పెంటికలు నాలుగైదు అక్కడక్కడా పడటం ఎంత బాగా అలవాటైన కుందేలులోనైనా ఉంటుంది. అడవి కుందేళ్లు కూడా బొరియల చుట్టూ పెంటికలతోనే హద్దులు గుర్తు పెట్టుకుంటాయి. చీపురుతో ఊడ్చేస్తే పోయేదానికి టెన్షన్ పడవద్దు. అయితే మెత్తగా, నల్లగా, ద్రాక్షగుత్తిలా అంటుకుని ఉన్నవి నేల మీద కనిపిస్తే అవి వేరు. కుందేలు వాటిని నేరుగా నోటితో తీసుకుని మళ్లీ తింటుంది, దానికి కావలసిన పోషకాలు వాటిలో ఉంటాయి. అవి తినకుండా వదిలేస్తోందంటే గుళికల తిండి, తీపి పండ్లు ఎక్కువై గడ్డి తక్కువైందని చాలావరకు అర్థం. లేదా ఒళ్లు లావై, కీళ్లు నొప్పెట్టి వెనక్కి వంగలేకపోతోంది. దాని తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి.

అరవడం గురించి బాధపడుతూ రాశారు. ఇకముందు వద్దు, అంతే. కుందేలుకి అరుపుకీ సోఫాకీ ఉన్న సంబంధం అర్థం కాదు, మీరంటే భయం మాత్రం మిగులుతుంది. భయపడిన కుందేలు తన చోటు తనదేనని మరింత గట్టిగా గుర్తు పెట్టుకోవాలని చూస్తుంది, అంటే ఇంకా ఎక్కువ చోట్ల పోస్తుంది. మీవారు చెప్పిన బోను సంగతికొస్తే, అలవాటు చేసే కొద్ది వారాలు చిన్న చోట ఉంచడం వేరు, శాశ్వతంగా బోనులో పెట్టేయడం వేరు. గెంతడానికి చోటు లేని కుందేలు లావెక్కుతుంది, ఎముకలు బలహీనమవుతాయి, మూత్రాశయంలో బురద పేరుకోవడం కూడా పెరుగుతుంది. వాసన తగ్గించుకుందామని చేసిన పని జబ్బు తెచ్చిపెడుతుంది. ఆయనకు ఈ ఉత్తరం చూపించండి. బోనులో చెయ్యి పెట్టి సర్దడం కూడా అది బయట తిరుగుతున్నప్పుడే చేసుకోండి, గుర్రుమనే అవసరమే దానికి రాదు.

తోడు గురించి అడిగారు. ఇప్పుడు మాత్రం తేవద్దండీ. కుందేళ్లు జతగా ఉండటానికి ఇష్టపడే ప్రాణులే, తోడు వాటికి మంచిదే. కానీ ఈ పరిస్థితిలో ఇంకో కుందేలు వాసన ఇంట్లోకి వస్తే చిన్ని గుర్తులు పెట్టడం రెట్టింపవుతుంది. ఆపరేషన్ కాని రెండు ఆడ కుందేళ్లు రక్తాలు కారేలా కొట్టుకోగలవు. మగదాన్ని తెస్తే నెల తిరిగేసరికి పిల్లలు. ముందు చిన్ని ఆపరేషన్, ఆ తర్వాత ఆరు వారాలు, బాక్సు అలవాటు స్థిరపడటం. అప్పుడు ఆపరేషన్ అయిన మగ కుందేలును చూడండి, ఆడ, మగ జత కుదరడం సాధారణంగా తేలిక. దానికి ఆపరేషన్ ఈమధ్యే జరిగి ఉంటే ఆరు వారాలు విడిగా ఉంచండి, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాల పాటు మగదాని వల్ల గర్భం రావచ్చు. మొదట పక్కపక్క కంచెల్లో ఉంచి వాసనలు అలవాటు కానివ్వండి, తర్వాత రెండూ ఎప్పుడూ తిరగని గదిలో మీ ఎదుటే కలపండి. కలిపిన మొదటి రోజుల్లో పెంటికలు మళ్లీ చిందరవందరగా పడతాయి. అప్పుడు రెండూ ఒకేసారి కూర్చోగలిగేంత పెద్ద బాక్సు పెట్టి, రెండు చివర్లా గడ్డి వేయండి.